టైలర్ చిల్డర్స్ లాంటి కంట్రీ సింగర్లు ఎక్కడ మొదలవుతారు, ఎవర్ని విని నేర్చుకుంటారు?

ప్రశ్న అడిగినవారిది గోదావరిఖని. నాన్నగారు సింగరేణిలో చేసి రిటైరయ్యారట, తను మాత్రం అమెరికాలో, ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఉద్యోగం. ఆఫీసుకి కారులో వెళ్తూ, కంట్రీ మ్యూజిక్ (అమెరికా పల్లెల్లో పుట్టిన పాట) పాడే టైలర్ చిల్డర్స్ పాటలు వింటున్నారు, "మాటలు సగం అర్థం కావు, కానీ మా ఊరివాళ్ళే పాడినట్టు ఉంటుంది" అని రాశారు. ఇలాంటి సింగర్-సాంగ్‌రైటర్లు అసలు ఎక్కడ మొదలవుతారు, వాళ్ళకి ప్రేరణ ఎవరు, తనకి కూడా పాటలు రాయాలని ఉంది కాబట్టి కంట్రీ మ్యూజిక్‌కి రాజధాని లాంటి నాష్‌విల్ వెళ్ళిపోవాలా, ఇవీ ఆయన అడిగినవి.

నాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. 16 ఏళ్ళుగా ఒహాయో పక్క రాష్ట్రం కెంటకీలో, లెక్సింగ్టన్‌లో ఉంటున్నాను. పగలు ఐటీ ఉద్యోగం, శుక్ర శనివారాలు రాత్రిళ్ళు బార్లలో సౌండ్ చూస్తాను, ఒక లోకల్ బ్యాండ్‌లో మాండలిన్ వాయిస్తాను. పేరున్నవాణ్ణేం కాదు. కాకపోతే స్టేజి పక్కన మిక్సర్ దగ్గర నిలబడి, ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన కుర్రాళ్ళని కొన్ని వందల మందిని విన్నాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. ఇలాంటివాళ్ళు నాష్‌విల్‌లో మొదలవరు. చర్చిలోనో ఇంట్లోనో మొదలై, చుట్టుపక్కల ఊళ్ళ బార్లలో ఏళ్ళ తరబడి పాడి, గొంతూ మాటా ఒక దారికి వచ్చాకే నాష్‌విల్‌కి వెళ్తారు, అది కూడా చాలాసార్లు రికార్డింగ్ పనికే. ఇక ప్రేరణ అంటారా, పోస్టర్ల మీద కనిపించే పెద్ద స్టార్ కంటే, ఒక తరం ముందు పక్క ఊరి నుంచి బయల్దేరినవాడు ఎక్కువ పనిచేస్తాడు. "ఆయనదీ మా కౌంటీయే, మా యాసలోనే పాడాడు, అయినా జనం విన్నారు" అనే ధైర్యం ముందు దొరకాలి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). ట్యూన్లు, గిటార్ కార్డులు (రెండు మూడు స్వరాలు కలిపి ఒకేసారి మీటేవి) ఆ తర్వాత సంగతి.

మీరు అడిగిన చిల్డర్స్‌నే తీసుకుందాం. 1991లో తూర్పు కెంటకీలో లారెన్స్ కౌంటీలో పుట్టాడు. తండ్రి బొగ్గు పరిశ్రమలో పనిచేసేవాడు, తల్లి నర్సు. పాడటం చర్చిలో అబ్బింది, 13 ఏళ్ళప్పటి నుంచి గిటార్ పట్టుకుని సొంతంగా రాయడం మొదలుపెట్టాడు. కాలేజీలో ఒక సెమిస్టర్ ఇక్కడ, కొన్ని సెమిస్టర్లు అక్కడ చదివి, ఇంక మానేసి దొరికిన పనల్లా చేస్తూ పాడుకున్నాడు. 2011లో, ఇంకా 20 నిండకముందే మొదటి ఆల్బమ్ సొంతంగా తెచ్చుకుంటే ఈ చుట్టుపక్కల తప్ప ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత లెక్సింగ్టన్‌లోనే జరిగే రెడ్ బార్న్ రేడియో అనే చిన్న కార్యక్రమంలో పాడినవి లైవ్ రికార్డులుగా వచ్చాయి. దేశమంతా పేరు తెచ్చిన పర్గటరీ ఆల్బమ్ 2017 ఆగస్టులో వచ్చింది. లెక్క చూసుకోండి, మొదటి ఆల్బమ్‌కీ దీనికీ మధ్య ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళూ ఏం చేశాడంటే లెక్సింగ్టన్, హంటింగ్టన్ లాంటి ఊళ్ళలో బార్లు తిరుగుతూ పాడాడు, అంతే. బ్యాండ్‌కి పెట్టుకున్న పేరు ఫుడ్ స్టాంప్స్. అంటే పేదవాళ్ళకి తిండి సరుకుల కోసం ప్రభుత్వం ఒకప్పుడు ఇచ్చిన కూపన్లు, మన లెక్కలో 'రేషన్ కార్డు బ్యాండ్' అన్నమాట. ఆ పేరులోనే ఎక్కడివాళ్ళో, ఎవరి కోసం పాడుతున్నారో మొత్తం ఉంది.

ఇప్పుడు ఆ ఊరి సంగతి కొంచెం చెప్పాలి, అది తెలియకపోతే ప్రేరణల గురించి ఎంత చెప్పినా పేర్ల లిస్టు చదివినట్టే ఉంటుంది. యూఎస్ 23 అని ఒక హైవే ఉంది. కెంటకీలో దాన్ని కంట్రీ మ్యూజిక్ హైవే అని పిలుస్తారు, బోర్డులు కూడా ఉంటాయి. ఆ రోడ్డు పక్క కౌంటీల నుంచి వచ్చినవాళ్ళు చూడండి: లొరెటా లిన్, ఆవిడ చెల్లెలు క్రిస్టల్ గేల్, రికీ స్కాగ్స్, కీత్ విట్లీ, ప్యాటీ లవ్‌లెస్, డ్వైట్ యోకమ్, క్రిస్ స్టేపుల్టన్. అన్నీ కొండల మధ్య ఇరుకు లోయలు. ఆ లోయని అక్కడివాళ్ళు 'హాలర్' అంటారు. ఒక హాలర్‌లో పది పదిహేను ఇళ్ళు, ఒక చర్చి, పైన గని. తమాషా ఏంటంటే ఆ రోడ్డు ఉత్తరాన మీ కొలంబస్ మీదుగానే వెళ్తుంది. గనుల్లో పనులు పోయినప్పుడు కెంటకీ కుటుంబాలు ఫ్యాక్టరీ పనులకి ఒహాయోకి వలస వచ్చింది ఆ దారినే. డ్వైట్ యోకమ్ పుట్టింది కెంటకీ పైక్‌విల్‌లో, పెరిగింది కొలంబస్‌లో. అంటే మీరు రోజూ కారు నడిపే ఊళ్ళోనే సగం కథ ఉంది.

రికీ స్కాగ్స్‌దీ చిల్డర్స్‌దీ ఒకటే కౌంటీ. స్కాగ్స్ మొదలైన తీరు ఇక్కడివాళ్ళు ఇప్పటికీ కథలా చెప్పుకుంటారు. 1970లో స్కాగ్స్, కీత్ విట్లీ ఇద్దరూ పదిహేను పదహారేళ్ళ పిల్లలు, స్టాన్లీ బ్రదర్స్ అనే అన్నదమ్ముల పాటలంటే ప్రాణం. ఒకరోజు ఆ అన్నదమ్ముల్లో ఒకరైన రాల్ఫ్ స్టాన్లీ కచేరీ చూడటానికి వెళ్తే ఆయన బండికి టైరు పంక్చరై రావడం ఆలస్యమైంది. జనం గోల చేయకుండా ఈ ఇద్దర్నీ కాసేపు పాడమన్నారు. రాల్ఫ్ లోపలికి అడుగుపెట్టేసరికి తన పాటలే వినిపిస్తున్నాయి, జ్యూక్‌బాక్స్‌లో (నాణెం వేస్తే పాట వినిపించే పెట్టె) తమ పాత రికార్డు ఎవరో పెట్టారనుకున్నాడట! కొన్నాళ్ళకే ఇద్దర్నీ తన బృందంలో పెట్టుకున్నాడు. నేను ఈ కథ చెప్పేది టైరు పంక్చరవ్వడం అదృష్టం అనడానికి కాదు. ఆ వయసుకే వాళ్ళు పెద్దాయన్ని పొల్లుపోకుండా బట్టీపట్టి ఉన్నారు. మొదట్లో అనుకరణ తప్పు కాదు, ఎవర్ని అనుకరిస్తున్నామో, ఎంత లోతుగా చేస్తున్నామో అన్నదే లెక్క. మన దగ్గర గురువుగారి పాఠాంతరం అంటామే, అలాంటిదే ఇది కూడా.

గొంతు గురించి కూడా అడిగారు, ఆ ముక్కుతో పాడినట్టుండే సన్నటి లాగుడు ఎక్కడిదని. అది చాలావరకు చర్చి పాటదే. తూర్పు కెంటకీలో ఓల్డ్ రెగ్యులర్ బాప్టిస్టులని ఉన్నారు, వాళ్ళ చర్చిలో వాయిద్యాలు ఉండవు. పెద్దాయన ఒక పాదం గబగబా చదివినట్టు అంటాడు, వెంటనే అందరూ కలిసి అదే పాదాన్ని సాగదీసి సాగదీసి పాడతారు, ఎవరి గమకం వాళ్ళది. మొదటిసారి విన్నప్పుడు నాకు మా ఊరి రామమందిరంలో భజన గుర్తొచ్చింది, తాళాలు లేని భజన. చిల్డర్స్ వెళ్ళిన చర్చి వేరే శాఖే గానీ, ఆ కొండల్లో ఆ ధ్వని అందరి చెవిలోనూ ఉంటుంది. రాల్ఫ్ స్టాన్లీ గొంతులో ఉన్నదీ అదే. మన కోస్తాలో కూడా గిటార్, కీబోర్డు వాయించే కుర్రాళ్ళని అడిగితే చర్చిలో నేర్చుకున్నామని చెప్పేవాళ్ళు ఎంతమందో. ఫీజు లేదు, వారం వారం కచేరీ గ్యారంటీ, తప్పు వాయించినా ఎవరూ లేచి వెళ్ళిపోరు. అంతకంటే మంచి స్కూలు ఎక్కడుంది?

పర్గటరీకి ప్రొడ్యూసర్లు స్టర్గిల్ సింప్సన్, డేవిడ్ ఫెర్గూసన్. ఫెర్గూసన్ ఒకప్పుడు పాతతరం కంట్రీ స్టార్ జానీ క్యాష్ రికార్డింగులకి ఇంజనీరు. స్టర్గిల్‌దీ తూర్పు కెంటకీయే, జాక్సన్ అనే ఊరు. నేవీలో చేశాడు, రైల్వే యార్డులో చేశాడు, ఆ తర్వాతే పాట. ఆల్బమ్ రికార్డింగ్ మాత్రం నాష్‌విల్‌లోనే జరిగింది. నాష్‌విల్‌తో నాకేం పేచీ లేదు, మంచి వాయిద్యకారులూ ఇంజనీర్లూ అక్కడే ఉన్నారు. కానీ పాటలు సంచిలో వేసుకుని వెళ్ళాలి, అక్కడికెళ్ళి వెతుక్కుంటే దొరకవు. 2018లో చిల్డర్స్‌కి 'అమెరికానా' (కంట్రీ, జానపదం, బ్లూస్ లాంటివి కలిసిన సంగీతానికి పెట్టిన పేరు) విభాగంలో వర్ధమాన కళాకారుడి అవార్డు ఇస్తే స్టేజి మీదే, నేను కంట్రీ సింగర్‌ని, ఈ లేబుల్ నాకొద్దు అన్న అర్థంలో మాట్లాడాడు. కొందరికి పొగరుగా అనిపించింది, నాకైతే ఆ హైవే బోర్డు గుర్తొచ్చింది.

పిట్టకథ ఒకటి. 2025లో వచ్చిన చిల్డర్స్ ఆల్బమ్‌లో 'తీర్థ యాత్ర' అనే పేరుతోనే ఒక పాట ఉంది, అవును, మన తీర్థయాత్రే. మా బ్యాండ్‌వాళ్ళు ఆ రెండు మాటలు ఎలా పలకాలో నన్ను అడిగి అరగంట ప్రాక్టీసు చేశారు, ఇప్పటికీ 'తిర్తా' దగ్గరే ఆగారు.

అదే ఆల్బమ్‌లో ఇంకో పాట గురించి మీకు తప్పకుండా చెప్పాలి. గనుల్లో ఒళ్ళు హూనం చేసుకున్న తండ్రి కొడుకుతో, పని మీద ధ్యాస పెట్టు, మత్తు బిళ్ళల జోలికి పోకు అని చెప్పే పాట. అది కొత్తది కాదు. ఏళ్ళ క్రితమే కచేరీల్లో ఒక్క గిటార్‌తో పాడేవాడు, జనం ఫోన్లలో తీసుకున్న వీడియోలతోనే అందరికీ కంఠతా వచ్చింది, స్టూడియో రికార్డింగ్ మాత్రం ఇన్నాళ్ళకి. నొప్పి మాత్రలకి బానిసలై ఈ కొండల్లో ఎన్ని ఇళ్ళు పాడయ్యాయో ఇక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు. నేను సౌండ్ చేసిన ఒక రాత్రి ఎవరో కుర్రాడు ఆ పాట తన గొంతుతో పాడితే, బార్‌లో అప్పటిదాకా బిలియర్డ్స్ ఆడుతున్నవాళ్ళు కర్రలు గోడకి ఆనించి నిలబడ్డారు. మిక్సర్ మీద నేను ముట్టుకోవాల్సింది ఏమీ లేకపోయింది.

అలాగని అందరిదీ ఒకటే దారి కాదు. అదే హైవే మీద రెండు భిన్నమైన కేసులు చెప్తాను.

లొరెటా లిన్. బొగ్గు గని కార్మికుడి కూతురు. చిన్న వయసులో పెళ్ళి, భర్తతో దేశానికి అటు చివర వాషింగ్టన్ రాష్ట్రానికి మకాం, ఇరవై ఏళ్ళు వచ్చేసరికే నలుగురు పిల్లలు. 1953లో భర్త 17 డాలర్లకి హార్మనీ కంపెనీ గిటార్ ఒకటి కొనిచ్చాడు, ఆవిడే సొంతంగా నేర్చుకుంది. 1960లో మొదటి రికార్డు వస్తే భార్యాభర్తలు కారులో రేడియో స్టేషన్ తర్వాత రేడియో స్టేషన్ తిరిగి, దయచేసి మా పాట వేయండి అని అడుగుతూ నాష్‌విల్ దాకా వచ్చారు. ఆవిడ రాసింది ఇల్లు, మొగుడి తాగుడు, పిల్లలు, సవతి పోరు. అప్పటికి ఆడవాళ్ళ నోట అలాంటి మాటలు రేడియోలో అంత సూటిగా వినబడేవి కావు.

క్రిస్ స్టేపుల్టన్‌ది దీనికి పూర్తిగా రివర్సు, నేను పైన చెప్పిన సూత్రానికి మినహాయింపు కూడా. గనుల కుటుంబమే. 1996లో ఇంజనీరింగ్ చదవడానికి నాష్‌విల్‌లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో చేరి మానేశాడు (మన ఇళ్ళలో అయితే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి). 2001లో మళ్ళీ నాష్‌విల్ వచ్చి వారం తిరక్కుండానే ఒక పబ్లిషింగ్ కంపెనీలో పాటల రచయితగా కుదిరాడు. ఆ పని ఆఫీసు ఉద్యోగంలాగే ఉంటుంది: పొద్దున్న పదీ పదిన్నరకి చిన్న గదిలో ఇద్దరు ముగ్గురు కూర్చుని మధ్యాహ్నానికల్లా ఒక పాట తేల్చాలి. కంపెనీ ఇచ్చే నెల డబ్బు జీతం కాదు, ముందు ముందు వచ్చే రాయల్టీలో కోసుకునే అడ్వాన్సు, అది చాలామందికి తెలియదు. అలా జార్జ్ స్ట్రెయిట్, కెన్నీ చెస్నీ లాంటి పెద్ద స్టార్లకి రాసి రాసి, సొంత ఆల్బమ్ 2015లో తెచ్చాడు. ఆ ఏడాది కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వాళ్ళు ఇచ్చిన అవార్డుల్లో 'కొత్త కళాకారుడు' ఒకటి. 14 ఏళ్ళ సర్వీసు, 37 ఏళ్ళ వయసు, కొత్త కళాకారుడు!

ప్రేరణల గురించి మాట్లాడుతూ ఒక విషయం వదిలేస్తే అబద్ధం చెప్పినట్టే. ఈ సంగీతానికి గురువుల్లో నల్లవాళ్ళు చాలామంది, పోస్టర్ల మీద వాళ్ళ పేర్లు ఉండవు. బాంజో అనే తీగల వాయిద్యం మూలాలే ఆఫ్రికావి. పాతతరం కంట్రీ స్టార్ హ్యాంక్ విలియమ్స్‌కి అలబామాలో చిన్నప్పుడు గిటార్ చెప్పింది రూఫస్ పేన్ అనే వీధి గాయకుడు. బ్లూగ్రాస్‌కి (బాంజో, మాండలిన్, ఫిడేలుతో వేగంగా సాగే కంట్రీ శైలి) ఆద్యుడనే బిల్ మన్రోది కెంటకీయే. ఆయన కుర్రతనంలో ఆర్నాల్డ్ షుల్ట్‌జ్ అనే నల్లజాతి గిటారిస్టుతో కలిసి డ్యాన్సుల్లో వాయించేవాడు, ఆ ప్రభావం ఆయనే చెప్పుకున్నాడు. కాబట్టి వింటే వెనక్కి వెనక్కి వెళ్ళి వినండి. చిల్డర్స్ నచ్చితే స్కాగ్స్, స్కాగ్స్ నుంచి స్టాన్లీ, మన్రో, అక్కణ్ణుంచి ఇంకా వెనక్కి. పక్కకి వినడం కంటే, అంటే ఈ ఏడాది హిట్లు వినడం కంటే, ఇది పదిరెట్లు పనిచేస్తుంది.

ఇక నా సొంత గొడవ. మాండలిన్ నేను పట్టుకోవడానికి కారణం బిల్ మన్రో కాదు, మా పాలకొల్లు శ్రీనివాస్. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయిస్తుంటే మా ఊళ్ళో ప్రతి తల్లీ పిల్లాడికి ఒక మాండలిన్ కొనిచ్చిన రోజులవి, అందులో నేనొకణ్ణి. ఇక్కడికొచ్చాక ఓపెన్ మైక్‌లో (పేరు రాయించుకుని ఎవరైనా పాడొచ్చు) పాడాలని సరదా పుట్టి, ఒక ఇంగ్లీషు పాట రాశాను: బొగ్గు లారీ, విస్కీ, వాన, ఇంటికి దూరంగా రోడ్డు. యాస కూడా ఇక్కడిదే పెట్టాను. టిప్పుల గాజు సీసాలో 11 డాలర్లు పడ్డాయి, అందులో 5 మా ఆవిడే వేసింది. దిగాక ఒక ముసలాయన, గనిలో చేసి రిటైరయినవాడు, పక్కన కూర్చుని మీ నాన్న ఏం చేసేవాడు అని అడిగాడు. రొయ్యల చెరువులన్నాను. ఆయనకి నా పాట అక్కర్లేకపోయింది గానీ, ఆ చెరువుల గురించి గంటసేపు అడిగాడు.

దాని మీద కూడా పాట రాశాను, మొదటిసారి అదీ చెడగొట్టాను. 90ల్లో వైట్ స్పాట్ వైరస్ వచ్చి చెరువులు తుడిచిపెట్టుకుపోవడం, అప్పులు, వడ్డీ, ధర, మొత్తం మూడు నిమిషాల్లో వివరించాలని చూశాను. అది పాటలా లేదు, బ్యాంకుకి పెట్టుకున్న దరఖాస్తులా ఉంది. తర్వాత కొట్టేస్తూ పోతే ఒక్క దృశ్యమే మిగిలింది: రాత్రి రెండింటికి గట్టు మీద నాన్న, చెక్ ట్రే (రొయ్య మేత తింటోందో లేదో చూసే వల పళ్ళెం) పైకి లాగి టార్చి వేస్తే ఎర్రగా మెరిసే రొయ్య కళ్ళు, ఒకరోజు టార్చి వేస్తే మెరవకపోవడం. వైరస్ పేరు కూడా పాటలో లేదు. ఇక్కడివాళ్ళకి రొయ్యల చెరువంటే ఏంటో తెలియదు, అయినా అర్థమైంది.

కాబట్టి మీకు చెప్పేది, కెంటకీ గని గురించి రాయకండి. మీ నాన్నగారు నైట్ షిఫ్ట్‌కి బాయి దిగిన రోజుల్లో ఇంట్లో ఎవరు మేలుకుని ఉండేవారు, పొద్దున్నే వచ్చాక ముందు ఏం అడిగేవారు, క్వార్టర్స్ గోడ అవతల ఏం వినబడేది, ఇలాంటివి ఒక పుస్తకంలో రాసుకోండి, పాటలా కాదు, మామూలుగానే. 'బాయి' అన్న మాటని 'మైన్' అని మార్చకండి, ఆ మాట బరువు దానికి రాదు.

గిటార్ సంగతి: మూడు కార్డులతో మొదలుపెడితే చాలు. ఇక్కడ బ్యాండ్లలో నాష్‌విల్ నంబర్ సిస్టమ్ అని వాడతారు. 1950ల చివర్లో నీల్ మాథ్యూస్ అనే ఆయన మొదలుపెట్టినది, కార్డులకి పేర్లు కాకుండా అంకెలు. ఏ శ్రుతిలో పాడినా అంకె మారదు. అమెరికన్లకి ఇది నేర్పడానికి టైం పడుతుంది గానీ, సరిగమలు వచ్చినవాళ్ళకి ఐదు నిమిషాల పని. 1 అంటే స, 4 అంటే మ, 5 అంటే ప మీద కట్టిన కార్డు, అంతే. స్టేజి మీద సింగర్ వెనక్కి చెయ్యి పెట్టి నాలుగు వేళ్ళు చూపిస్తే 'మ'కి వెళ్ళాలన్నమాట. మీకు చిన్నప్పుడు కాస్త సంగీతం వచ్చి ఉంటే వారంలో జామ్‌లో, అంటే నలుగురు కలిసి సరదాగా వాయించుకునే చోట, కూర్చోవచ్చు.

నాష్‌విల్‌కి మకాం వద్దు, ఉద్యోగం మానొద్దు. ఒకసారి చూసి రావాలంటే వెళ్ళండి, బ్లూబర్డ్ కెఫే అని 1982 నుంచి ఉన్న చిన్న హాలు, ఒక షాపింగ్ వరసలో మామూలు కొట్టులా కనిపిస్తుంది, రాసినవాళ్ళే గుండ్రంగా కూర్చుని తమ పాట తాము పాడతారు, మధ్యలో మాట్లాడితే ఊరుకోరు. దానికంటే ముందు ఒక శనివారం మీ ఇంటి దగ్గర 23 ఎక్కి దక్షిణంగా చిల్డర్స్ కౌంటీలోని లూయీసా దాకా రండి, మూడు గంటల లోపే. ఓపెన్ మైక్ అయితే కొలంబస్‌లోనే వెతుక్కోండి, పేరు రాసే కాగితం పెట్టకముందే వెళ్ళాలి, లేకపోతే అర్ధరాత్రికి మీ వంతు వస్తుంది, అప్పటికి వినేది బార్‌టెండర్ ఒక్కడే.

తెలుగులో రాయాలా ఇంగ్లీషులో రాయాలా అని చివర్లో అడిగారు. ముందు తెలుగులోనే రాయండి, ఇంగ్లీషు పాదాలు వాటంతట అవే వస్తే రానివ్వండి. నా రొయ్యల పాటలో చివరి రెండు పాదాలు తెలుగే. మా బ్యాండ్ బాంజో ఆయన వాటిని నాలుగేళ్ళుగా నాతో కలిసి పాడుతున్నాడు, 'గట్టు' అనాల్సిన చోట 'గాటు' అంటాడు, నేను దిద్దడం మానేశాను.